దివిటీ పట్టేవాడు

వెనుక పల్లెటూళ్ళలో వీధి భాగవతం ఆడేటప్పుడు వేషగానికి ఎంత పేరు వచ్చినా, దివిటీ పట్టేవానికి మాత్రం పేరు వచ్చేది కాదు. సత్యభామ తెర వెడలి, జడ చేతబట్టుకొని నాలుగడుగులు వేస్తే, దివిటీ కూడా ఆమెతోపాటు నాలుగడుగులు వేయవలెను. ఆమె ఆగితే ఆగవలెను, తిరిగితే తిరగవలెను. ఒక్క అడుగు వెనుకబడితే ఆమె ముఖం చీకటి పడుతుంది. ఒక్క అడుగు ముందుకు పోతే జనం సత్యభామను మాని దివిటీని చూస్తారు. తాను ఎవరి కంటా పడకుండా ఉండటంలోనే అతని విద్య అంతా ఉన్నది.

ఆ దివిటీ పట్టే విద్య ఈనాడు కంప్యూటరులోకి వచ్చింది. అక్కడ దాని పేరు మాస్కు. వీడియో ఎడిటింగులో రంగులూ వెలుగులూ సవరించేటప్పుడు, దృశ్యంలో ఒక భాగాన్ని మాత్రమే ఎంచుకొని, ఆ భాగం కదిలిన చోటికల్లా తానూ కదిలే ముసుగును సాంకేతికులు యానిమేటెడ్ మాస్కు అంటారు. మనం కదిలే ముసుగు అందాము. ముసుగు అన్నంత మాత్రాన అది ఏదో దాచేదని అనుకోరాదు. చాలాసార్లు దాని పని చూపటమే. ఈ విద్యను నేను నేర్చుకొన్న విధం, నేర్చుకొంటూ చేసిన ఒక తప్పు, ఉపాధ్యాయ మిత్రులకూ విద్యార్థులకూ చెప్పదగినవని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

కిటికీ పక్క పిల్ల

మా పాఠశాల వార్షికోత్సవం ఒక పెద్ద గదిలో జరిగింది. వేదికకు ఎడమవైపున వెడల్పాటి కిటికీ. మధ్యాహ్నం మూడు గంటల ఎండ ఆ కిటికీ నిండా ఉన్నది. తొమ్మిదవ తరగతి పిల్ల ఒకతె పద్యం చదవటానికి ఆ కిటికీ పక్కగా వచ్చి, మెట్టు ఎక్కి, వేదిక నడుమ ఉన్న మైకు దగ్గరకు నడిచింది. ఆ నడక అంతా కలిసి ఎనిమిది సెకన్లు. దానిని మాలో ఒకరు సెల్‌ఫోనుతో వీడియో తీశారు. ఆ పిల్ల తల్లి ఆ రోజు కూలిపనికి పోవలసి వచ్చి సభకు రాలేకపోయింది. మరుసటి ఆదివారం తల్లిదండ్రులందరికీ వీడియో చూపిస్తామని మేము చెప్పి ఉన్నాము. కనుక ఆ తల్లి తన బిడ్డను వేదికపై చూసేదంటూ ఉంటే ఆ వీడియోలోనే చూడవలెను.

సాయంత్రం వీడియో వేసుకొని చూస్తే, కిటికీ బయట ఉన్న వేపచెట్టు రెమ్మ రెమ్మా కనిపిస్తున్నది గాని, పిల్ల ముఖం కనిపించటం లేదు. ఒక నీడ నడిచివచ్చినట్లున్నది. కారణం తెలిసిందే. మన కన్ను ఎండనూ నీడనూ ఒకేసారి చూడగలదు. కెమేరాకు అంత ఓర్పు లేదు. అది దృశ్యంలోని వెలుగునంతా చూసుకొని ఒక మధ్యస్థమైన కొలత నిర్ణయించుకుంటుంది. కిటికీ వెలుగు ఎక్కువయితే ఆ కొలత కిటికీ వైపు మొగ్గుతుంది. దాని ఎదుట నిలిచిన మనిషి నల్లని బొమ్మగా మిగిలిపోతాడు.

మొదట నేను అందరూ చేసే పనే చేశాను. దృశ్యమంతటికీ వెలుగు పెంచాను. పిల్ల ముఖం కొంచెం తేటపడింది. కాని వేపచెట్టు మాయమై కిటికీ స్థానంలో ఒక తెల్లని కాగితం అతికించినట్లయింది. వెలుగు తగ్గిస్తే చెట్టు తిరిగి వచ్చింది. పిల్ల తిరిగి చీకటిలోకి పోయింది. తరగతిలో ఒక్క విద్యార్థికి వినపడలేదని గొంతు పెంచితే ముందు బల్లవారు చెవులు మూసుకుంటారు. ఆ ఒక్కని దగ్గరకే నడిచి వెళ్ళి చెప్పే ఉపాయం కావలెను. ఎడిటింగులో ఆ ఉపాయమే మాస్కు.

ముసుగు అంటే ఏమిటి?

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. కలంకారీ అద్దకంలో నీలం వేసే పాత పద్ధతిని తలచుకోండి. నీలం అంటకూడని చోటల్లా కరిగిన మైనం పూసి, బట్టను నీలిమందు తొట్టిలో ముంచేవారు. మైనం ఉన్నచోట రంగు ఆగుతుంది, లేనిచోట పడుతుంది. తరువాత వేడినీటిలో మైనం కరిగించి తీసేవారు. ఆ మైనమే మాస్కు. ఫోటో స్టూడియోలలో చీకటిగది ఉన్న రోజులలో మరొక ఉపాయం ఉండేది. కాగితంపై బొమ్మ అచ్చు వేసేటప్పుడు ముఖం మరీ నల్లగా వస్తుందని తోస్తే, సన్నని తీగకు చిన్న అట్టముక్క కట్టి, కాంతి పడుతున్న దారిలో కొద్ది క్షణాలు అడ్డుపెట్టేవారు. అక్కడ కాంతి తక్కువ పడుతుంది గనుక అచ్చులో ఆ భాగం తేటగా వస్తుంది. అయితే ఆ అట్టముక్కను నిలకడగా పట్టుకొనరాదు. చేతిని మెల్లగా అటూ ఇటూ కదుపుతూ ఉండవలెను. లేకపోతే అట్ట అంచు బొమ్మపై గీతలా పడుతుంది.

ఈ రెండు ఉదాహరణలలోనూ మాస్కు తత్త్వం ఉన్నది. మొదటిది హద్దు. రెండవది, ఆ హద్దును కనిపించనీయక పోవటం.

కంప్యూటరులో మాస్కు గీయటం సులభం. ముఖానికైతే గుడ్డు ఆకారం, కిటికీకైతే చతుర్భుజం, చేయి చాచిన మనిషికైతే పెన్నుతో చుక్కలు పెట్టుకుంటూ గీసిన వంకర గీత. లోపల సవరణ జరుగుతుంది, వెలుపల జరుగదు. కావలెనంటే తిరగవేయవచ్చును, అప్పుడు వెలుపల జరిగి లోపల ఆగుతుంది. ఇక హద్దు దగ్గర జరిగేది చిన్న లెక్క. మాస్కు బలాన్ని 0 నుంచి 1 వరకు ఒక సంఖ్యగా తీసుకొని దానికి 'మ' అని పేరు పెడదాము. ప్రతి చుక్క దగ్గరా కంప్యూటరు వేసే లెక్క ఇది: ఫలితం = మ × సవరించిన వెలుగు + (1 − మ) × అసలు వెలుగు. ఒక చుక్క అసలు వెలుగు 40, సవరించినది 80 అనుకోండి. మాస్కు నడుమ మ = 1; ఫలితం 80. మాస్కు బయట మ = 0; ఫలితం 40. అంచు మీద మ = సగం; ఫలితం 60. ఈ అంచును ఎంత వెడల్పున మెత్తబరిస్తే, వెలుగు అంత మెల్లగా చీకటిలో కలుస్తుంది. దీనిని ఫెదర్ అంటారు. ఈక కొన దగ్గర పలుచబడినట్లు మాస్కు అంచు కూడా పలుచబడుతుంది.

కొత్తగా నేర్చేవారు ముఖం గీతను అంటిపెట్టుకొని ఖచ్చితంగా మాస్కు గీస్తే పని బాగుంటుందని భ్రమపడతారు. నేనూ పడ్డాను. అట్లా గీస్తే ముఖం చుట్టూ కత్తిరించి అతికించినట్లు ఒక అంచు తేలుతుంది. ముఖానికి కొంత వెలుపలగా గీసి, అంచును బాగా మెత్తబరచటమే మంచిది. లోకంలో ఏ దీపం వెలుగూ గీత గీసినట్లు ఆగిపోదు గదా!

నడిచే ముసుగు

ఇంతవరకు నిలిచి ఉన్న బొమ్మ సంగతి. మా పిల్ల నడిచింది. ఆ ఫోను సెకనుకు 30 బొమ్మలు తీసింది. ఎనిమిది సెకన్లకు 240 బొమ్మలు. ఒక్కొక్క బొమ్మను ఫ్రేము అంటారు. 240 ఫ్రేములలోనూ మాస్కు ఆ ముఖం మీదనే ఉండవలెను.

ప్రతి ఫ్రేములోనూ చేతితో జరపనవసరం లేదు. కొన్ని ముఖ్యమైన ఫ్రేములలో మాస్కు ఎక్కడ ఉండవలెనో మనం చెబితే, నడిమి ఫ్రేముల స్థానాలను కంప్యూటరు లెక్కకట్టుకుంటుంది. ఆ ముఖ్యమైన ఫ్రేములను కీఫ్రేములు అంటారు. నేను మొదట రెండే కీఫ్రేములు పెట్టాను. ఆరంభంలో ముఖం తెరకు ఎడమ అంచు నుంచి 300 చుక్కల దూరంలో ఉన్నది. 240వ ఫ్రేములో 1260 చుక్కల దూరంలో ఉన్నది. భేదం 960. దానిని 240తో భాగిస్తే ఫ్రేముకు 4 చుక్కలు. కనుక 120వ ఫ్రేము వచ్చేసరికి కంప్యూటరు మాస్కును సరిగా 780 దగ్గర నిలిపింది. లెక్కలో తప్పేమీ లేదు. కాని పిల్ల లెక్క ప్రకారం నడవలేదు! మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి, పావడా అంచు సర్దుకొని, అప్పుడు ఎక్కింది. 120వ ఫ్రేములో ఆమె ముఖం 660 దగ్గరనే ఉన్నది. మాస్కు 120 చుక్కలు ముందుకు పోయి గోడమీద వెలుగుతున్నది. చూసేవానికి, ఒక దయ్యపు దీపం ముందు నడుస్తూ ఉంటే, వెనుక నీడ నడిచి వస్తున్నట్లున్నది. దివిటీవాడు తొందరపడ్డాడన్న మాట.

దీనికి మందు, కదలిక మారిన చోటల్లా ఒక కీఫ్రేము పెట్టటం. బయలుదేరిన చోట ఒకటి, ఆగిన చోట ఒకటి, తిరిగి కదిలిన చోట ఒకటి, మెట్టు ఎక్కి తల పైకి లేచిన చోట ఒకటి, మైకు దగ్గర ఒకటి. ముందు రెండు చివరలూ కట్టి, ఆపైన నడిమి చోటు చూసి, అవసరమయితే ఆ సగాలను మళ్ళీ సగం చేసుకుంటూ పోతే పని తేలిక. నాకు మొత్తం తొమ్మిది కీఫ్రేములు పట్టినవి. ప్రతి ఫ్రేములోనూ పెట్టినా పని బాగుండదు, మాస్కు వణుకుతుంది. మనిషిని శ్రద్ధగా చూసి, అతని కదలికలో ఎక్కడ మార్పు ఉన్నదో తెలుసుకొని, అక్కడ మాత్రమే చేయి పెట్టటంలోనే నేర్పు ఉన్నది. ఇది పిల్లలను తీర్చిదిద్దేవారికి వేరే చెప్పవలసిన సంగతి కాదు.

ఈ చాకిరీని చాలావరకు కంప్యూటరు తానే చేసే ఏర్పాటు కూడా ఉన్నది. దానిని ట్రాకింగ్ అంటారు. మాస్కు లోపలి కనుబొమలను, ముక్కు నీడను, బొట్టును గురుతు పెట్టుకొని, తరువాతి ఫ్రేములో ఆ గురుతులు ఎటు జరిగినవో వెదకి, మాస్కును అటు జరుపుతుంది. ఎదురుగా నడిచే మనిషికి ఇది చక్కగా పనిచేస్తుంది. కాని మనిషి స్తంభం చాటుకు పోయినా, ముఖం పూర్తిగా పక్కకు త్రిప్పినా దానికి దారి తప్పుతుంది. ఒక్కొక్కసారి మనిషిని విడిచి గోడమీది గడియారాన్ని పట్టుకుంటుంది. అప్పుడు వెనుకకు వెళ్ళి, తప్పిన ఫ్రేము దగ్గర చేతితో సరిదిద్దవలసినదే.

మాస్కు స్థానమే గాక దాని బలం కూడా కదలవలెను. మైకు దగ్గర ఆ పిల్ల ముఖంమీద తలుపులోనుంచి చక్కని వెలుగు పడింది. అక్కడ మాస్కుకు పని లేదు. కనుక చివరి రెండు సెకన్లలో దాని బలం నూటికి నూరు నుంచి మెల్లగా సున్నకు దిగిపోవలెను. పని అయిన తరువాత దివిటీ పక్కకు తొలగటం కూడా విద్యలో భాగమే.

వెనుకటి చేతులు

ఇదంతా కంప్యూటరు తెచ్చిన వింత అనుకొనరాదు. చలనచిత్రం పుట్టిన కొద్ది సంవత్సరాలకే ఈ శ్రమ పుట్టింది. పారిస్ నగరంలో ఎలిజబెత్ త్యుయే అనే ఆమె నడిపిన కార్ఖానాలో స్త్రీలు వరుసగా కూర్చొని, సన్నని కుంచెలతో ఫిలిం ముక్కలకు రంగులు అద్దేవారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు. జార్జి మెలియే 1902లో తీసిన 'చంద్రలోక యాత్ర' ప్రతులకు అక్కడే రంగులు వేశారు. తపాలాబిళ్ళ కంటె ఎంతో పెద్దది కాని ఫ్రేములో చంద్రుని ముఖానికి పసుపు, అంగీకి ఎరుపు. మరుసటి ఫ్రేములో కొంచెం జరిగిన ముఖానికి మళ్ళీ పసుపు. అట్టి రంగుల ప్రతి ఒకటి 1993లో బార్సిలోనాలో బయటపడింది. ఎన్నో ఏండ్ల మరమ్మతు తరువాత 2011లో కాన్ చిత్రోత్సవంలో దానిని ప్రదర్శించారు. ఆ స్త్రీలలో ఎవరి పేరూ తెరమీద లేదు.

ఆ తరువాత ఫ్రాన్సులోనే పాథే సంస్థవారు మరొక అడుగు వేశారు. ఫిలిం ప్రతిలో ఫ్రేము ఫ్రేముకూ రంగు పడవలసిన మేరను కత్తిరించి తీసి, రంగుకు ఒక ప్రతి చొప్పున జల్లెడలు తయారుచేశారు. మన ఇళ్ళ గడపల ముందు ముగ్గు అచ్చుల వంటివే అవి. ఆ జల్లెడ ఫిలింను అసలు ఫిలిం మీద పెట్టి నడిపితే రంధ్రాలున్న చోట మాత్రమే రంగు దిగుతుంది. కదిలే ముసుగు అంటే అక్షరాలా అదే. అమెరికాలో మాక్స్ ఫ్లైషర్ 1915లో హక్కుపత్రానికి దరఖాస్తు చేసి, 1917లో పొందిన రోటోస్కోపు మరొక ఉపాయం. ఫిలింను ఒక గాజుపలక మీదికి వెలుగుగా పంపి, ఫ్రేము తరువాత ఫ్రేముగా మనిషి ఆకారాన్ని చేతితో గీసుకొనే యంత్రం అది. విదూషకుని వేషంలో ఆయన తమ్ముడు డేవ్ ఎగిరి గంతులు వేస్తే, ఆ గంతులనే బొమ్మగా దించారు. ఈనాటికీ ఫ్రేములలో ఆకారాన్ని చేతితో గీసి మాస్కు కట్టటాన్ని రోటోస్కోపింగ్ అనే పిలుస్తారు.

మన తెలుగువారికి దీనికంటె దగ్గరి ఉదాహరణ 'మాయాబజార్'. 1957లో కె. వి. రెడ్డి దర్శకత్వంలో, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణంలో వచ్చిన నలుపు తెలుపుల చిత్రం అది. 2010లో హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వారు దానికి రంగులు వేసి విడుదల చేశారు. మూడు గంటల చిత్రమంటే 180 నిమిషాలు. నిమిషానికి 60 సెకన్లు. సెకనుకు 24 ఫ్రేములు. హెచ్చిస్తే 2,59,200 ఫ్రేములు. వాటిలో చీరను చీరగా, చర్మాన్ని చర్మంగా, లడ్డూను లడ్డూగా వేరుచేయనిదే ఏ రంగూ వేయటానికి వీలులేదు. కంప్యూటరు ఎంత సాయపడినా, ఏ హద్దు ఎక్కడిదో చూసి చెప్పవలసినది మనిషి కన్నే. రంగులు కావలెనా, అక్కరలేదా అని పెద్దలు వాదించుకొన్నారు. ఆ వాదం మంచిదే. ఒక కదలిక వెనుక ఎంత చూపు ఉన్నదో మాత్రం ఆ లెక్క చెబుతుంది.

నేను చేసిన తప్పు

ఇక నా తప్పు సంగతి. శుక్రవారం రాత్రికి మాస్కు సరిగా నడిచింది. పిల్ల ముఖం తేటపడింది. కిటికీలో వేపచెట్టూ ఉన్నది. అంతటితో లేచిపోయి ఉంటే బాగుండేది. నా చేయి ఊరుకోలేదు. వెలుగు పెంచే మీట పక్కనే రంగును పలుచ చేసే మీట, గులాబీ వన్నె తెచ్చే మీట ఉన్నవి. ఇంకొంచెం బాగుంటుందేమో అనుకుంటూ ఒక్కొక్కదానిని జరిపాను. నన్ను ఎవరూ అడుగలేదు. అట్లా చేయమని ఎవరూ చెప్పలేదు. వయస్సంతా చూస్తూ వచ్చిన ప్రకటనలూ, పెండ్లి ఫోటోలూ నా వ్రేళ్ళలో కూర్చొని ఆ పని చేయించినవి.

శనివారం ఆ పిల్ల ఏదో పనిమీద ఉపాధ్యాయుల గదికి వస్తే, పిలిచి చూపించాను. ఆమె రెండుసార్లు చూసింది. కొంతసేపు ఊరకున్నది. తరువాత మెల్లగా, ''బాగుంది మాస్టారూ. కాని మా అమ్మ నన్ను గుర్తుపడుతుందా?'' అన్నది.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నిజంగానే సందేహం వచ్చి అడిగింది. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. దీపం పట్టుతున్నాననుకొని నేను సున్నం పూశాను!

రంగుల సవరణ చేసేవారికి వెక్టర్‌స్కోపు అనే ఒక కొలత పరికరం తెరమీదనే ఉంటుంది. వలయాకారంలో ఉండే ఆ పటంలో దృశ్యంలోని రంగులు చుక్కలుగా తేలుతవి. ఏ చుక్క ఏ దిక్కున ఉన్నదో చూస్తే అది ఏ వన్నెనో తెలుస్తుంది. నడిమికి ఎంత దూరమో చూస్తే ఎంత గాఢమో తెలుస్తుంది. ఎరుపుకూ పసుపుకూ నడుమ ఆ పటంలో ఒక గీత గీసి ఉంటుంది. అది మనిషి చర్మపు గీత. ఇక్కడ ఒక ఆశ్చర్యమున్నది. చామనచాయవారైనా, కారునలుపువారైనా, పాలవన్నెవారైనా, మామూలు వెలుతురులో అందరి చర్మమూ దాదాపు ఆ ఒక్క గీత దగ్గరనే పడుతుంది. మనిషి చర్మానికి రంగునిచ్చేవి ముఖ్యంగా రెండు: లోపలి నెత్తురు, పైపొరలోని మెలనిన్. అవి అందరికీ ఒకటే. మనుషులలో భేదమంతా ఎంత వెలుగు తిరిగి వస్తుంది, వన్నె ఎంత చిక్కగా ఉన్నది అనే వాటిలోనే గాని, ఏ వన్నె అనే దానిలో అంతగా లేదు. గులాబీ మీటతో నేను చేసిన నిర్వాకం వల్ల ఆ పిల్ల ముఖం ఆ గీతను విడిచి పక్కకు జరిగిపోయింది. మానవులందరినీ కలిపే గీతమీద నుంచి ఆమె ఒక్కదానినీ నేను తోసివేశానన్న మాట.

ఇది నా ఒక్కని తప్పు కాదని తరువాత తెలిసింది. అంత మాత్రాన తప్పు చిన్నది కాదు. రంగుల ఫోటోలు కడిగే కార్ఖానాలకు కోడక్ సంస్థవారు కొలతగా ఒక అట్ట పంపేవారు. దానిమీద తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉండేది. మొదట బొమ్మకు కూర్చున్న ఉద్యోగిని పేరును బట్టి దానిని షర్లీ కార్డు అనేవారు. ఆమె ముఖం సరిగా వస్తే యంత్రం సరిగా ఉన్నట్లు. నల్లని ముఖాలు ఆ కొలతలో మసిబారినా, తప్పు యంత్రానిది అనుకొనక ముఖానిదే అనుకొన్నారు. వేర్వేరు జాతుల స్త్రీలు కలిసి ఉన్న అట్ట 1990ల నడుమ గాని రాలేదు. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఈ చరిత్రను వివరించారు.

నలుపు నారాయణుడు మెచ్చు అని సామెత చెప్పుకొనే జాతి మనది. నల్లనివాడని కృష్ణుని పేరే చెబుతున్నది. ద్రౌపదికి కృష్ణ అనే పేరు కూడా ఆమె వన్నెను బట్టి వచ్చినదే. పద్యాలలో మెచ్చుకొని, ఫోటోలలో మాత్రం తుడిచివేయటం ఏమి న్యాయం? సామెత నోటిలోనే ఉన్నది, వ్రేళ్ళకు దిగలేదు.

ఆమెకు ఆమెయే కొలత

ఆ రోజే కూర్చొని, వెలుగు తప్ప తక్కిన మీటలన్నింటినీ మొదటి స్థానానికి తెచ్చాను. ఇక వెలుగు ఎంత పెంచవలెను? దానికి కొలత ఏది? కొంత ఆలోచించగా జవాబు ఆ వీడియోలోనే దొరికింది. మైకు దగ్గరకు వచ్చిన తరువాత ఆమె ముఖం ఏ సాయమూ లేకుండా చక్కగా ఉన్నది. కిటికీ పక్క ఫ్రేమునూ మైకు దగ్గరి ఫ్రేమునూ పక్కపక్కన పెట్టి, మొదటి ముఖం రెండవ ముఖాన్ని పోలేవరకు మాత్రమే పెంచి, అక్కడ ఆపాను. ఆమెకు ఆమెయే కొలత. పక్కనున్న పిల్ల కాదు, ప్రకటనలోని బొమ్మ కాదు, నా ఇష్టం అసలే కాదు. వెక్టర్‌స్కోపులో చుక్కలు తిరిగి గీత దగ్గరకు వచ్చినవి.

ఈ పని మన పాఠశాలలలో నేర్పదగినది. డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్టువేరుకు వెల లేని కూర్పు ఒకటి ఉన్నది. అందులో మాస్కును పవర్ విండో అంటారు. కెడెన్‌లైవ్ పూర్తిగా ఉచితమైనది; అందులో రోటోస్కోపింగ్ అనే పేరుతోనే ఈ సాధనం ఉన్నది. ఏ సాఫ్టువేరయినా సూత్రం ఒకటే. ఎనిమిదవ తరగతి పిల్లలకు గ్రాఫు కాగితం మీద రెండు కీఫ్రేముల నడుమ గీత గీయించి, నడిమి ఫ్రేము స్థానం లెక్కకట్టించవచ్చును. అసలు మనిషి ఆ గీత ప్రకారం ఎందుకు నడవడో వారినే నడిపించి చూపవచ్చును. గణితం, చిత్రలేఖనం, నీతి, మూడూ ఒక్క పీరియడులో ఒదిగే పాఠాలు తరచుగా దొరకవు.

మాస్కు వల్ల కాని పనులు కూడా పిల్లలకు చెప్పవలెను. పూర్తిగా తెల్లబడిపోయిన కిటికీలోనుంచి చెట్టును అది తిరిగి తేలేదు. పూర్తిగా నల్లబడిన ముఖంలోనుంచి కళ్ళను తేలేదు. మరీ లాగితే ఇసుక చల్లినట్లు మచ్చలు తేలుతవి. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? తీసేటప్పుడే కిటికీకి తెర వేయటం, తెర లేకపోతే ఒక దుప్పటి కట్టటం అన్నిటికంటె మేలు. మరుసటి ఏడు మేము ఆ పనే చేశాము.

ఆదివారం తల్లిదండ్రులు వచ్చారు. గోడకు తెల్లబట్ట కట్టి వీడియో వేశాము. ఆ తల్లి వెనుక బల్లమీద కూర్చున్నది. కిటికీ పక్కనుంచి తన బిడ్డ నడిచి వస్తూ ఉంటే రెప్ప వేయకుండా చూసింది. నా తొమ్మిది కీఫ్రేములూ ఆమెకు కనిపించలేదు. వెలుగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఆమెకు తెలియదు. పిల్ల మెట్టు దగ్గర ఆగి పావడా సర్దుకొన్నప్పుడు మాత్రం పక్కనున్నామె చేయి తట్టి, ''ఆ జడలో కనకాంబరాలు చూశావా, వదినా? పొద్దున పనికి పోబోయే ముందు నేను కట్టినవే'' అన్నది.

దివిటీ పట్టినవాడు ఎవరని ఎవరూ అడుగలేదు.